నీళ్లున్న సంబంధం

ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాన్ని పెద్ది అనేవాళ్లు. చిన్నదానికి మాత్రం ఒక ముద్దుపేరు వచ్చి అతుక్కుపోయింది. నడక వచ్చీరాని రోజుల్లో బాతుల వెంట పరుగెత్తుతూ కాలవలో పడింది. అక్క జుట్టు పట్టుకుని పైకి లాగేసరికి నీళ్లు ఉమ్ముతూ నవ్వుతోంది. "బుడుంగున మునిగింది, బుడుంగున తేలింది. ఇది మన మందలోదే" అన్నాడు తండ్రి. అప్పటినుంచి అది బుడుంగే. బళ్లో రాయించిన పేరు పంతుళ్లకు తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు.

తండ్రిది బాతులు కాసే పని. గొర్రెలవాళ్లు మందను మెట్టకు తోలినట్టు, అతను వందల బాతుల్ని కోతలైన వరిమళ్లలోకి తోలేవాడు. చేతిలో చివర గుడ్డపీలిక కట్టిన వెదురుగడ ఒక్కటే. మళ్లలో రాలిన గింజలూ నత్తలూ తిని బాతులు బలిసేవి, వాటి రెట్టతో నేల బలిసేది. అందుకని రైతులు "ఈ ఏడు మా చేలో ముందు దింపు" అని కబురు పెట్టేవాళ్లు. ఒక ఊరి కోతలైపోతే ఇంకో ఊరు. కాలవగట్టున సొంత గుడిసె ఉన్నా అందులో ఉండేది వానల్లోనే. మిగతా రోజులంతా తల్లి నెత్తిన గిన్నెల గంప, తండ్రి భుజాన టార్పాలిను. ఎక్కడ నాలుగు కర్రలు పాతితే అదే ఇల్లు. రాత్రి బాతుల్ని మూసే వల దడిలో గుడ్లు ఏరడం పిల్లల పని. పదేళ్లకే పెద్ది నాలుకతో ఒక చప్పుడు చేసి మందనంతా వెనక్కి తిప్పేది. "కొడుకు లేడన్న దిగులు నాకెందుకు, ఈ గడ దీనిదే" అని తండ్రి ఊరూరా చెప్పుకునేవాడు.

తర్వాత వానలకు మతి పోయింది. రావలసినప్పుడు రాలేదు. రాకూడనప్పుడు, కోసి పరిచిన పనల మీద ఒక్క పూటలో కుండపోతగా కురిసి, కంకుల మీదే గింజను మొలకెత్తించి పోయాయి. ఒక ఏడు అట్లా, తర్వాతి ఏడు ఇట్లా. "ఎప్పుడో ఒకసారి తప్పుతుంది, మామూలే" అన్నారు పెద్దవాళ్లు. చివరికి తప్పడమే మామూలైంది. కాలవకు నీళ్లు వదలడం మానేశారు. రైతులు మళ్లు బీడు పెట్టి పట్నం దారి పట్టారు. కోతే లేకపోతే రాలే గింజ ఎక్కడిది, గింజ లేకపోతే గుడ్డు ఎక్కడిది? మునుపు రెండు మూడు ఊళ్లతో గడిచిపోయే ఏడాదికి ఇప్పుడు ఎంత దూరం తిరిగినా చాలడం లేదు. ఎరిగిన రైతులు వెనక ఉండిపోయారు. ముందు వచ్చేవన్నీ కొత్త ఊళ్లు, కొత్త మొహాలు.

అలాంటి ఒక ఊళ్లో, పట్టపగలు, పెద్ది మోటారు షెడ్డు దగ్గరికి నీళ్లకు వెళ్లింది. అక్కడున్న ఇద్దరు మగవాళ్లు బిందె నింపుకోనిచ్చారు గానీ ఎత్తుకోనివ్వలేదు. ఒకడు చెయ్యి పట్టుకున్నాడు. పెద్ది నిండు బిందె వాడి పాదం మీద వదిలేసి పరుగెత్తుకొచ్చింది. అంతకుమించి ఏమీ జరగలేదు. అయినా తల్లి ఆ పూట పొయ్యి వెలిగించలేదు. కూతుర్ని కిందినుంచి పైదాకా చూసింది, అంతవరకూ ఎప్పుడూ చూడనట్టు. మర్నాడు మొగుడితో, గుడ్డ గోడల మధ్య ఎదిగిన పిల్లను ఎన్నాళ్లు దాస్తావని అడిగింది. అప్పటికి పెద్దికి పద్నాలుగేళ్లు. ఆమె ఎదిగిందన్న సంగతి ఆమెకే తెలియదు.

సంబంధం గుడ్ల వ్యాపారి తెచ్చాడు. పెళ్లికొడుకు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే పనివాడు, వయసు పెద్దికి రెట్టింపు. ఫ్యాక్టరీకి పాతాళందాకా దించిన బోరు ఉంది. ఆవరణలోనే పనివాళ్ల గదులు. తండ్రి వెళ్లి చూసొచ్చాడు. అల్లుడి గురించి నాలుగు ముక్కలు చెప్పి, ఆ గదుల ముందున్న కుళాయి గురించి చాలాసేపు చెప్పాడు. "తిప్పితే చాలు, ధారగా వస్తున్నాయి. నీళ్లున్న సంబంధం ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది" అన్నాడు.

పెద్ది ఏడవలేదు. బేరం పెట్టింది. బేరం ఆడడం ఆమె ఆ తండ్రి దగ్గరే, గుడ్ల బుట్టల ముందు నేర్చుకుంది.

"నేను వెళ్తాను నాన్నా. కానీ బుడుంగును హాస్టల్లో వెయ్యి. దాని చదువు మానిపించకూడదు. దాని పెళ్లి మాట ఎవరూ ఎత్తకూడదు."

"సరేనమ్మా."

"సరే అంటే కాదు. నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు."

తండ్రి చెయ్యి పెట్టాడు. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే పెద్దికి జీవితాంతం తిట్టుకోవడానికి ఒక మనిషన్నా మిగిలేవాడు.

ఐసు ఫ్యాక్టరీ బతుకు బాతుల బతుకుకు పూర్తిగా తిరగేసినట్టుండేది. పొడవాటి షెడ్డు. నేల కింద ఉప్పునీళ్ల తొట్టి, అందులో వరసగా దించిన రేకు డబ్బాలు, డబ్బాల్లో గడ్డకట్టే మంచినీళ్లు. ముక్కు మండించే గ్యాసు వాసన బట్టలకు పట్టి, ఎంత ఉతికినా పోయేది కాదు. మొగుడు తాగుబోతు కాదు, చెయ్యి చేసుకునే రకమూ కాదు, మాట్లాడే రకం అంతకన్నా కాదు. పగలంతా కొక్కెంతో దిమ్మలు లాగీ లాగీ అతని మాటలు కూడా గడ్డకట్టుకుపోయాయని అత్త అనేది. అత్త కొడుకుల మీద వేసే హాస్యాలు అలా ఉండేవి. కోడలి మీద ఆమె హాస్యాలాడేది కాదు, పని చెప్పేది.

ఏడాది తిరక్కుండానే పెద్దికి కడుపు వచ్చింది. పరీక్ష చేసిన నర్సు ఆమె మొహం చూసి, చీటీలో వయసు చూసి, మళ్లీ మొహం చూసి, చీటీ మడిచి చేతిలో పెట్టింది. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఏడవకుండానే పోయింది. రెండోసారి కూడా అంతే. ఆ రెండోసారి పెద్ది కూడా పోయేదే, ఎలాగో దక్కింది. ఇక పిల్లలు పుట్టరని ఆసుపత్రిలో చెప్పారు. అత్త ఆ మాట ఎప్పుడూ దెప్పలేదు. పక్కగదుల వాళ్ల పసిపిల్లలు గడప దగ్గరికి పాకి వస్తే మాత్రం, కోడలు ఎత్తుకోకముందే తానే ఎత్తుకునేది.

ఆ తర్వాత పెద్ది కూడా షెడ్డులో పనికి వెళ్లింది. దిమ్మలు కరిగిపోకుండా రంపపు పొట్టు చల్లి గోనెపట్టాలు కప్పే పని. ఎప్పుడూ తడి నేల మీదే నిలబడడం వల్ల పాదాలు పాలిపోయి, ముడతలు పడి, వేళ్ల సందులు పగిలేవి. ఏటికేడు ఎండలు ముదురుతున్నాయి, ఐసుకు గిరాకీ పెరుగుతోంది. చేపల లారీలు గేటు బయట బారులు తీరి హారన్లు కొట్టేవి. బాతుల్ని మాడ్చే ఎండే ఈ ఇంటికి అన్నం పెడుతోందని పెద్దికి అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ముద్ద దిగకుండా ఉండదు కదా.

ఆమె బతుకులో వెలుతురంటూ ఉన్నది సెలవుల్లోనే. సెలవులిస్తే బుడుంగు ఒక సంచీ భుజాన వేసుకుని అక్క దగ్గరికి వచ్చేది. వస్తూనే అక్క కాళ్లు చూసి, "ఇంకొన్నాళ్లు పోతే వేళ్ల మధ్య తోలు వస్తుంది నీకు, ఈదుకుంటూ పోవచ్చు" అనేది. పశువుల డాక్టరు అవుతానని, నాన్న బాతులన్నిటికీ సూదులు వేస్తానని, ఫీజు కింద గుడ్లు తీసుకుంటానని చెప్పేది. గోనెపట్టాల మీద కూర్చుని పాఠాలు పైకి చదివితే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా పెద్ది పొట్టు చల్లే చెయ్యి ఆపి వినేది. నేను వచ్చినందుకు అది చదువుతోంది అనుకునేది. ఆ ఒక్క లెక్క సరిపోతే మిగతావన్నీ సరిపోయినట్టే అనిపించేది.

బుడుంగు తొమ్మిదో తరగతిలో ఉండగా వచ్చిన ఎండాకాలం ఆ లెక్కను చెరిపేసింది.

అంతకుముందటి ఏడాది వానలు లేవు. ఎక్కడా తడి మడి లేక తండ్రి మందను ఒక చెరువులోకి దించాడు. చెరువంటే పేరుకే. నడుమ ఇంత బురద, బురద నడుమ ఇన్ని నీళ్లు. చెయ్యి పెడితే వేడిగా తగిలాయట. రెండు రోజులు బాగానే ఉన్నాయి. మూడో రోజు ఒక బాతు నడవలేక కూలబడింది. దాని మెడ పురికొస లాగా వాలిపోయింది. ఇంకోటి. ఇంకో పది. మెడ నిలవకపోవడంతో నీళ్ల మీద ఉన్నవి తల ఎత్తలేక, బెత్తెడు లోతులో మునిగి చచ్చాయి. తండ్రి బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క దాని తలా అరచేతుల్లో ఎత్తి పట్టుకున్నాడని తల్లి చెప్పింది. ఎన్నిటి తలలని పట్టుకుంటాడు, ఉన్నవి రెండు చేతులు. వేడెక్కి మురిగిన నీళ్లలో పుట్టే విషం అది అని తర్వాత ఎవరో చెప్పారు. మందంతా పోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ నెలలోనే హాస్టల్ బోరు ఎండిపోయింది. పిల్లల్ని ఇళ్లకు పంపేసి, నీళ్లు పడ్డాక కబురు చేస్తామన్నారు. తల్లీ తండ్రీ పట్నంలో కట్టుబడి పనికి పోవడానికి మూటలు కట్టుకున్నారు. అదే వారంలో నీళ్ల ట్యాంకర్లు తిప్పే ఒకాయన మనిషిని పంపాడు. ఆయనకు నలభై దాటింది, పెళ్లాం పోయింది. బుడుంగును ఇస్తే చాలు, ఇంకేమీ వద్దన్నాడు. కబురు తెలిసిన రోజే పెద్ది బస్సెక్కింది.

తండ్రి గుడిసె ముందు కూర్చుని వల దడి ముళ్లు విప్పుతున్నాడు. ఇక ఆ వలతో పని లేదు. అయినా విప్పుతున్నాడు.

"నా నెత్తిన చెయ్యి పెట్టావు నాన్నా."

"పెట్టాను. మర్చిపోలేదు." అతను తల ఎత్తలేదు. "కాలవలో నీళ్లున్న రోజుల మాట అది. ఇప్పుడు నువ్వే చెప్పు. మేం పోయేది ఎవరిదో సగం కట్టిన మేడకు. తలుపుల్లేని గదులు, చుట్టూ మగాళ్లు. దీన్ని ఎక్కడ పెట్టను? ఫలానా చోట పెట్టు అను, అక్కడే పెడతాను."

ఫలానా చోటు పెద్దికి తెలియదు. కొన్ని రోజులు ఆగమని మాత్రం బతిమాలింది. తల్లి లోపల్నుంచి, ఆయన ఆగడమ్మా, ట్యాంకరాయన ఆగడు, అంది. అంటూనే కొంగు నోట్లో కుక్కుకుంది.

పెద్ది చెల్లెల్ని వెంటబెట్టుకుని హాస్టల్‌కు పోయింది. గేటుకు తాళం. వరండాలో వార్డెనమ్మ ఒక్కతే కుర్చీ వేసుకుని బెంచీలకు కాపలా కాస్తోంది. బుడుంగును చూడగానే ఆమె లేచి నిలబడి, నువ్వింకా ఉన్నావా, అంది. నోరు జారిన మాట. తర్వాత సర్దుకుని, పిల్లలందరి గురించీ ఒక్కొక్క కబురే వస్తోందని, ఏ కబురు వచ్చినా పెళ్లి కబురేనని, వినడం తప్ప తన చేతిలో ఏమీ లేదని చెప్పింది. పట్నంలో ఆడపిల్లలను ఉంచుకునే ఆశ్రమం ఒకటుంటే అక్కడికి తన ఫోనులోంచే మాట్లాడించింది. నది పొంగి ఇళ్లు పోయిన పిల్లలతో అది అప్పటికే నిండిపోయింది. ఖాళీ వస్తే చెప్తామన్నారు. ఒకచోట నీళ్లు లేక, ఇంకోచోట నీళ్లు ఎక్కువై, పిల్లలకు చోటు లేకుండా పోయింది.

ఇక మిగిలింది తన ఇల్లు. చెల్లెల్ని అక్కడికే తీసుకుపోయింది. చెల్లెల్ని నాలుగేళ్లు మా గదిలో ఉంచుకుందామని పెద్ది మొగుణ్ని అడిగింది. అమ్మనడుగు, అన్నాడు. అత్త పూర్తిగా విన్నది. కాదనలేదు. అదే వచ్చిన చిక్కు.

"ఉంచుకుందాం. కాకపోతే పెళ్లికి ఎదిగిన కొడుకున్న ఇంట్లో పెళ్లికాని పిల్ల ఏ వరసన ఉంటుంది? రేపు నలుగురూ నాలుగు మాటలంటే నీ చెల్లెలికే చెడ్డ. చిన్నాడికి చేసుకుందాం. నీ కళ్ల ముందే ఉంటుంది."

చిన్నాడంటే పెద్దికి మరిది. అదే ఫ్యాక్టరీలో డబ్బాలు దించే పని. చెడ్డ పేరు లేదు. పెద్ది, మాట ఖాయం చేసుకుని పిల్లకు పద్దెనిమిది నిండేదాకా ఆగుదామంది. అత్త తల అడ్డంగా ఊపింది. చివరికి, పెళ్లి పెళ్లే, పిల్ల మాత్రం ఇంకో నాలుగేళ్లు నా పక్కనే పడుకుంటుంది, సరేనా, అని మాట ఇచ్చింది. మాటల విలువ పెద్దికి తెలియనిది కాదు. కానీ అటు ట్యాంకరాయన రోజులు లెక్కపెడుతున్నాడు. అడకత్తెరలో పడ్డ పోకచెక్కకు ఏ వైపు మెత్తగా ఉంటుంది? పెద్ది సరేనంది.

చెల్లెలికి ఆ సంగతి చెప్పాల్సింది కూడా ఆమే. అమ్మానాన్నల దగ్గరికి తిరిగి వెళ్లే బస్సులో, కిటికీ పక్కన కూర్చోబెట్టి చెప్పింది. బుడుంగు చాలాసేపు బయటికి చూసింది. బయట చూడడానికి ఏమీ లేదు, బీళ్లు తప్ప.

"ట్యాంకరాయనైతే ఎప్పుడక్కా పెళ్లి?"

"ఈ నెలలోనే."

"మీ మరిదైతే?"

"ఈ నెలలోనే."

"అయితే మీ మరిదే." కిటికీ నుంచి ఇటు తిరిగి, "పుస్తకాలు తెచ్చుకోవచ్చా" అంది. తెచ్చుకోమంది పెద్ది. ఇంకాసేపటికి, "ఇక నిన్ను అక్కా అనాలా, తోడికోడలా అనాలా" అని అడిగింది బుడుంగు, ఎప్పుడూ హాస్యమాడే గొంతుతోనే. తర్వాత అక్క భుజం మీద తల పెట్టుకుని ఊరొచ్చేదాకా నిద్రపోయింది. పెద్ది ఆ భుజం కదపలేదు.

ఎవరైనా అధికారులు వస్తారేమోనన్న భయంతో పెళ్లి గదిలోనే, తలుపులు వేసుకుని, చప్పుడు లేకుండా చేశారు. తండ్రి చిన్న కూతురి నెత్తిన చెయ్యి పెట్టబోయి, పెద్ద కూతురు చూస్తోందని గమనించి, వెనక్కి తీసుకున్నాడు. సాయంత్రం బస్సుకే ఇద్దరూ పట్నం వెళ్లిపోయారు.

ట్యాంకరాయనకు కోపం రాలేదు. ఆయన అదే వారంలో ఇంకో పిల్లను చేసుకున్నాడు. ఆ పిల్ల బుడుంగు హాస్టల్లోదే, రెండు తరగతులు కింద చదివేది. సంగతి విని బుడుంగు, "దానికి ఎక్కాలు నేనే నేర్పాను" అంది. పెద్దికి ఆ రోజు అన్నం సయించలేదు. నీళ్లకోసం వచ్చే ఆ ట్యాంకరు ఫ్యాక్టరీ గేటులోకి తిరిగినప్పుడల్లా ఆమె గోనెపట్టాల వెనక్కి వెళ్లి నిలబడేది, ఆ పిల్ల తననే చూస్తున్నట్టు.

అత్త మాట వేసవి దాటలేదు. బుడుంగు పుస్తకాలు అటక ఎక్కాయి. మొదట అడ్డమని, తర్వాత తడుస్తాయని. ఏడాది గడిచాక, ఆరేళ్ల బాకీ ఒకేసారి తీర్చినట్టు వానలు పడ్డాయి. గోడలు కూలాయి, రోడ్లు కొట్టుకుపోయాయి, ఎండిన బోర్లన్నీ పొంగాయి. వార్డెనమ్మ ఫోను చేసింది. హాస్టల్ తెరుస్తున్నామని, పిల్లను పంపమని, పదో తరగతి పరీక్షకు ఎలాగోలా కూర్చోబెడతానని సంతోషంగా చెప్పింది. పెద్ది ఫోను చెవికి పెట్టుకునే గడప అవతలికి చూసింది. బుడుంగు గోడ పట్టుకుని, నిండు పొట్టతో, చీపురు కోసం వంగలేక వంగుతోంది. వార్డెనమ్మ హలో హలో అంటూనే ఉంది. పెద్ది ఫోను కట్ చేసింది. ఆ కబురు చెల్లెలికి ఎప్పుడూ చెప్పలేదు.

కాన్పు కష్టమైంది. రక్తం ఎక్కించారు. ఆసుపత్రి వరండాలో పెద్ది, నాకైనట్టు కాకూడదు, నాకైనట్టు కాకూడదు, అని గొణుక్కుంటూ నిలబడింది. అన్ని మొక్కులూ వ్యర్థమైన ఆమెకు ఆ ఒక్కటీ దక్కింది. బుడుంగు బతికింది, బిడ్డా బతికింది. ఆడపిల్ల. కాకపోతే బుడుంగు నడుము మళ్లీ మునుపట్లా నిలవలేదు. పదహారేళ్ల పిల్ల నాలుగు అడుగులు వేసి ఆయాసంతో ఆగేది. కబుర్లు తగ్గాయి. హాస్యాలైతే పూర్తిగా ఆగిపోయాయి.

ఒకసారి తండ్రి పట్నం నుంచి మనవరాలిని చూడడానికి వచ్చాడు. సిమెంటు పట్టి చేతులు గరుకైపోయాయి. బిడ్డను ఎత్తుకోమంటే, చేతులు గీసుకుంటాయని ఎత్తుకోలేదు. గుమ్మంలోనే కూర్చుని కుళాయి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇద్దరు కూతుళ్లూ వడ్డించిన అన్నం తిన్నాడు, కానీ ఎవరి మొహమూ చూడలేదు. చీకటి పడకముందే పోయాడు.

అతను వెళ్లాక బుడుంగు బిడ్డకు పాలిస్తూ అక్కను పక్కన కూర్చోమంది. ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నానని, ఎలా చెప్పాలో తెలియలేదని మొదలుపెట్టింది. పెద్ది గుండె దిటవు చేసుకుంది. తిడుతుంది, తిట్టనీ, తిట్టే హక్కు దానికుంది అనుకుంది.

"నువ్వు అడ్డం పడకపోతే నేను ఆ ట్యాంకరాయన ఇంట్లో ఉండేదాన్ని. నీ దగ్గరికి తెచ్చుకున్నావు. ఈ రుణం ఎలా తీర్చుకోను అక్కా?"

ఆ గొంతులో వెటకారం లేదు. ఉందేమోనని పెద్ది వెతికింది, దొరకలేదు. ఆ పిల్ల నిజంగానే అంటోంది. బడి, పరీక్ష, పశువుల డాక్టరు, అవేవీ ఆ పిల్ల కళ్లలో లేవు. ఇంతకంటే మంచిది తనకు జరిగి ఉండేదన్న ఊహే దానికి మిగల్లేదు. పెద్ది ఏదో అనబోయింది. బయట చేపల లారీ హారన్ మోగుతోంది, మేస్త్రీ కేక వేస్తున్నాడు. ఆమె లేచి, చెల్లెలి నుదుటి మీద చెమట తుడిచి, షెడ్డులోకి పోయి, గోనెపట్టాలు కప్పడం మొదలుపెట్టింది.